వదిలేసి వెళ్లినవాళ్లకు చోటు లేదట

లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర మొత్తం తిరగేసి పదకొండు మందిని ఎంచుకునే పనిలో ఉన్నాం, నేనూ మావాడూ. వాడు ఉన్నట్టుండి కుడి బ్యాక్ ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ పేరు అడ్డంగా కొట్టేశాడు. ఆట బాగోలేదని కాదు. "వాడిది ఇదే ఊరు కదా నాన్నా. ఇల్లు వదిలేసి వెళ్లిపోయినవాడు నా టీమ్‌లో ఎందుకు?" అన్నాడు, కాగితం మీద నుంచి తలెత్తకుండా.

ట్రెంట్ సంగతేమో గానీ, ఆ మాట నాకు బాగానే తగిలింది.

నిజానికి 2025 మేలో, కాంట్రాక్టు పొడిగించుకోనని అతను చెప్పేశాక, ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో సొంత మైదానం యాన్‌ఫీల్డ్ జనమే అతన్ని గేలి చేస్తుంటే సోఫాలో కూర్చుని నేనూ గొంతు కలిపాను. ఆరేళ్ల వయసులో అకాడమీలో చేరినవాడు, 2019లో బార్సిలోనా వాళ్లు ఇంకా సర్దుకుంటుండగానే కార్నర్ కొట్టేసి తోటి ఆటగాడు ఒరిగికి గోల్ అందించినవాడు, పెద్దగా బదిలీ రుసుము రాకుండానే స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్‌కి పోవడమేంటని నా బాధ. అదే నేను, మావాడు ఆ పేరు కొట్టేయగానే ట్రెంట్ తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి "ఇంతకీ మీరు వాదిస్తోంది ట్రెంట్ గురించేనా?" అంది. విననట్టు ఊరుకున్నాను.

నా వాదన గట్టిదే. అసలీ క్లబ్బు కట్టిందే వదిలేసి వచ్చినవాళ్లతో. 1892లో మొదలైనప్పుడు జట్టు నిండా స్కాట్లాండ్ వాళ్లే, ఇంటిపేర్లన్నీ "మ్యాక్"తో మొదలయ్యేవి. 1986లో లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ గెలిచిన ఏడాది, కప్పు ఫైనల్లో మొదటి పదకొండు మందిలో ఇంగ్లండ్ సీనియర్ జట్టుకి ఆడినవాడు ఒక్కడూ లేడు. గోల్‌లో జింబాబ్వే గ్రోబెలార్, మధ్యలో డెన్మార్క్ మోల్బీ, ముందు వేల్స్ రష్, మిగతావాళ్లు స్కాట్లాండు, ఐర్లాండు, ఒక ఆస్ట్రేలియా. ఇక కెన్నీ డాల్గ్లీష్? 1977లో స్కాట్లాండ్ క్లబ్బు సెల్టిక్‌ని వదిలి వచ్చాడు. మరుసటి ఏడాది సెల్టిక్ మైదానానికే లివర్‌పూల్ చొక్కాలో వెళ్తే సొంత జనం ఎగతాళి చేశారు. మన కింగ్ కెన్నీ వాళ్ల దృష్టిలో ట్రెంటే కదరా అన్నాను.

"అది వేరు నాన్నా. వాళ్లు మన దగ్గరికి వచ్చారు."

ఇది అచ్చం మా అమ్మమ్మ న్యాయం. ఇంటికొచ్చిన కోడలు పుట్టింటిని మర్చిపోవాలి, అత్తారింటికి వెళ్లిన కూతురు మాత్రం మర్చిపోకూడదు. ఆమెని ఎప్పుడూ చూడని మునిమనవడికి ఆ లెక్క ఎలా అబ్బిందో!

సరే, మరి ఇయాన్ రష్? 346 గోల్స్ కొట్టినవాడు 1987లో ఇటలీలోని యువెంటస్‌కి వెళ్లాడుగా? "ఏడాదికి తిరిగొచ్చేశాడుగా, ఓకే" అన్నాడు. కొన్నాళ్లేనని చెప్పి విమానం ఎక్కినవాణ్ణి నేను. ఇంకేం మాట్లాడను?

మా ఇంట్లో ఒక నియమం ఉంది: వాదన ఏదైనా తెలుగులోనే జరగాలి. పిల్లలకి భాష రావాలంటే క్లాసులూ పద్యాలూ అక్కర్లేదు, వాళ్లకి నిజంగా కోపం వచ్చే విషయం ఎత్తండి చాలు, మాటలు వాటంతటవే వెతుక్కుంటారు అని స్నేహితులందరికీ సలహా ఇస్తుంటాను. పని చేస్తుంది కూడా. చిక్కేమిటంటే, ఓడిపోతున్నానని అనిపించగానే ముందు ఇంగ్లిష్‌లోకి జారేది నేనే. వాడేమో ఒత్తులు మింగేస్తూనే తెలుగులో నన్ను గెలుస్తాడు.

అలా జారింది మైఖేల్ ఓవెన్ దగ్గర. ఇక్కడి అకాడమీలో పెరిగాడు, 2001లో కార్డిఫ్‌లో ఆర్సెనల్ మీద చివరి నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి ఎఫ్ఏ కప్పు తెచ్చాడు, ఆ ఏడాదే మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు. మావాడు పేరు రాయబోతే "నో వే" అన్నాను. 2009లో మన బద్ధశత్రువు మాంచెస్టర్ యునైటెడ్ చొక్కా వేసుకున్నాడు కదా! మావాడు నా మొహం వంక చూసి నవ్వాడు. అంటే నా చట్టం ప్రకారం దూరదేశం పోతే తప్పులేదు, పక్కవీధికి పోతేనే ద్రోహం. నాకు అనువుగానే రాసుకున్నాను.

కుడి బ్యాక్ విషయంలో గొడవ త్వరగానే తేలింది. ఫిల్ నీల్. నాలుగు యూరోపియన్ కప్పులు, అందులో రెండు ఫైనల్స్‌లో గోల్స్. ఇద్దరం ఒప్పుకున్నాం. జెరార్డ్, వాన్ డైక్, సలా గురించి చర్చే లేదు.

ఎడమ వింగ్ దగ్గరే ఆగిపోయాం. బిల్లీ లిడెల్ పేరెత్తితే "నువ్వు చూశావా?" అన్నాడు. చూడలేదు, కాబట్టి వదిలేశాను. వాడికి సాదియో మానే కావాలి. నాకు జాన్ బార్న్స్. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి పన్నెండేళ్లప్పుడు లండన్‌కి వచ్చిన నల్లజాతి పిల్లాడు, 1987లో ఈ జట్టులోకి వచ్చి మొదటి ఏడాదే లీగు గెలిపించాడు. పాత వీడియోలు పెట్టి చూపించాను. బంతి అతని కాలిని వదలకపోవడం చూసి "బాగుంది" అన్నాడు గానీ పేరు మార్చలేదు.

నా దగ్గర ఇంకొకటి ఉంది, చూపించలేదు. 1988లో ఇదే ఊరి ప్రత్యర్థి ఎవర్టన్‌తో, వాళ్ల మైదానం గూడిసన్ పార్క్‌లో జరిగిన మ్యాచ్ ఫోటో. ఎవరో గ్యాలరీలోంచి అరటిపండు విసిరారు. బార్న్స్ దాన్ని మడమతో వెనక్కి తన్నుతున్నాడు, కాళ్ల దగ్గరికొచ్చిన ఇంకో బంతే అన్నట్టు. ఆ ఫోటో చూపిస్తే వాడు పెన్సిల్ తిప్పి మానేని చెరిపేస్తాడని నాకు తెలుసు. కానీ అప్పుడు "ఎందుకు విసిరారు?" అని అడుగుతాడు. వచ్చినవాళ్లని అందరూ చప్పట్లతో లోపలికి పిలుస్తారని నమ్మేవాడికి, ఈజిప్టు నుంచి వచ్చిన సలా పేరు పెట్టి పాటలు పాడే గ్యాలరీని చూసి పెరిగినవాడికి, నేనేం చెప్పాలి? చెప్పకపోతే, ఏ స్కూలు మైదానంలోనో వాడే తెలుసుకుంటాడేమో. ఈపాటికే తెలుసుకుని నాకు చెప్పట్లేదేమో కూడా.

"అసలు బార్న్స్ అంటే నీకెందుకంత ఇష్టం?" అని అడిగాడు మొన్న. "డ్రిబ్లింగ్" అన్నాను. "మానే కంటే బాగానా?" అన్నాడు. ఆట వరకే చూస్తే, ఏమో.