సహాయకురాలిగా తొలి రెండు నెలలు

వైకల్యం ఉన్నవాళ్లకు రోజువారీ పనుల్లో తోడుగా ఉండే ఉద్యోగంలో చేరి నాకు రెండు నెలలు నిండాయి. చేరతానని చెప్పిన రోజు మా నాన్న, "ఆయా పనికా నిన్ను డిగ్రీ దాకా చదివించింది?" అని బాధపడ్డారు. పాకాల దగ్గరి మా ఊళ్లో ఈ పనికి వేరే పేరు లేదు. తిరుపతిలో కేర్‌టేకర్ అంటున్నారు గానీ, ఎక్కువ మంది "మా ఇంటికి ఒక మనిషి కావాలి" అనే అడుగుతారు. నేను మాత్రం సహాయకురాలిని అని చెప్పుకుంటాను.

రోజూ ఉదయం నేను వెళ్లేది బైరాగిపట్టెడలోని ఒక ఇంటికి. అక్కడ ముప్పై నాలుగేళ్ల మనిషి, ఆయన తల్లి ఉంటారు. ఆయనకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉంది, అంటే మెదడుకు కలిగిన దెబ్బ వల్ల కండరాలు అదుపులో ఉండవు. చిన్నతనంలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రిలో కాళ్లకు శస్త్రచికిత్సలు జరిగినా నడక రాలేదు, మాట కూడా బయటికి రాదు. అయితే వినేదంతా ఆయనకు అర్థమవుతుంది. అవునంటే కళ్లు పైకెత్తుతారు, కాదంటే పక్కకు తిప్పుతారు. ఈ సంగతి తెలియని చుట్టాలు ఆయన ముందే "పాపం, బిడ్డకు ఏమీ తెలియదు" అంటుంటే ఆ తల్లి ముప్పై ఏళ్లుగా వింటూనే ఉందట. నాకంటే పదేళ్లు పెద్దవారు కాబట్టి నేను అన్నా అని పిలుస్తాను.

చేరకముందు సంస్థలో రెండు వారాలు శిక్షణ ఇచ్చారు. అక్కడ అన్నం తినిపించడానికే ఒక పూట కేటాయించినప్పుడు ఆశ్చర్యపోయాను, ఎందుకంటే మా అక్క పిల్లలకు తినిపించినదాన్ని కదా, ఇందులో నేర్చుకోవడానికి ఏముంటుందనుకున్నాను. ఉంది. తినిపించే మనిషి నిలబడకూడదు, నిలబడితే తినేవాళ్లు తల పైకెత్తవలసి వస్తుంది, తల వెనక్కి వాలితే ముద్ద ఊపిరితిత్తుల దారి పట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే ఎదురుగా, ఆయన కళ్ల ఎత్తులో కూర్చుని, గడ్డం కాస్త కిందికి ఉండేట్టు చూసుకుని, చెంచాలో సగమే పెట్టి, గొంతు కదిలి మింగారని కంటితో చూశాకే రెండో చెంచా అందించాలి. మెత్తగా కలిపిన రాగి సంగటి, పప్పు ఆయనకు హాయిగా దిగుతాయి, మంచినీళ్లే కష్టం. పల్చటి నీళ్లు అదుపు తప్పి గొంతులోకి జారిపోతాయి గనుక తక్కువ తక్కువగా తాగించాలి. తిన్న తరువాత అరగంట పాటు పడుకోబెట్టకూడదు. ఒక భోజనానికి నలభై నిమిషాలు పడుతుంది. మొదటి వారం ఆ నలభై నిమిషాలూ నా చూపు గడియారం మీదే ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ తొందర ఎంత చెడ్డదో పింఛను రోజున తెలిసింది. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 జూలై నుంచి 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. ఒకటో తేదీన వార్డు సచివాలయం నుంచి మనిషి ఇంటికే వచ్చి వేలిముద్ర తీసుకుని ఇస్తారు. వచ్చినాయన వాకిట్లో నిలబడి ఉన్నారని నేను కంగారుగా అన్న చేతిని పట్టుకుని వేళ్లు విప్పబోయాను. లాగిన కొద్దీ పిడికిలి రాయిలా బిగిసింది, ఆయన గట్టిగా అరిచారు. వంటింట్లోంచి పరుగున వచ్చిన తల్లి "లాగొద్దు తల్లీ" అని నా చేయి తప్పించి, ఆయన మణికట్టును అరచేతి వైపు మెల్లగా వంచి, బొటనవేలి మొదట్లో నిమురుతూ ఊరకే కూర్చుంది. కాసేపటికి వేళ్లు వాటంతట అవే వదులయ్యాయి. తరువాత మా ఫిజియోథెరపిస్టు మేడమ్ కారణం చెప్పారు: ఇలా బిగుసుకుపోయే కండరాన్ని ఎంత వేగంగా సాగదీస్తే అంతగా ఎదురు తిరుగుతుంది, మణికట్టు లోపలికి వంగితే వేళ్లను ముడిచే కండరాలకు కాస్త వదులు దొరుకుతుంది. చదువు లేని ఆ తల్లికి ఇది ఏళ్ల తరబడి చేసి చేసి తెలిసిన విద్య. శిక్షణ ఇచ్చేవాళ్లు ఇలాంటి తల్లులను పిలిచి పాఠం చెప్పించాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ రోజు నన్ను ఇంకా బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలని వచ్చినాయన నన్ను అడిగారు, నేను ఏమాత్రం ఆలోచించకుండా "అమ్మకివ్వండి" అన్నాను. అది అన్న పింఛను, ఆయన ఎదురుగానే ఉన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 1995 చట్టంలోని ఏడు రకాల వైకల్యాలను ఇరవై ఒకటికి పెంచిందని అందరూ చెబుతారు గానీ, అందులో నాకు ముఖ్యంగా తోచింది వేరే మాట. ఎవరికైనా సంరక్షకుడు అవసరమైనా, ఆ సంరక్షకుడు ఒక్కడే నిర్ణయించకుండా ఆ వ్యక్తితో కలిసి, పరస్పర నమ్మకంతో నిర్ణయించాలని ఆ చట్టం అంటుంది. సంరక్షకుడికే అంత హద్దు ఉన్నప్పుడు, నెల కూడా నిండని సహాయకురాలు ఆయన బదులు జవాబు చెప్పడం తప్పు. మరుసటి రోజు ఆయనకు క్షమాపణ చెప్పాను. కళ్లు పైకెత్తారు.

రెండో నెల పింఛను వచ్చినప్పుడు నేను మణికట్టును వంచి పట్టుకుని కూర్చున్నాను, సచివాలయం ఆయన కూడా ఓపికగా ఆగారు, బొటనవేలి ముద్ర రెండో ప్రయత్నంలో పడింది. డబ్బు అన్న ఒళ్లోనే పెట్టమన్నాను. సాయంత్రం చక్రాల కుర్చీలో వీధి చివరి అంగడికి వెళ్లాం. దారిలో వాలు దగ్గర, నేర్పినట్టే, కుర్చీని వెనక్కి తిప్పి దింపాను. అంగడామె అలవాటుగా నన్నే చూసి "ఏం కావాలంటమ్మా ఆయనకి?" అంది. ఆయన్నే అడగమని చెప్పి, కళ్లతో ఎలా జవాబిస్తారో వివరించాను. సబ్బు అన్నప్పుడు కళ్లు పైకి లేచాయి. ఆమె ఒక్కొక్క సబ్బునే తీసి ఆయన ముందు పట్టుకుంది. వేప సబ్బుకు కళ్లు పక్కకు వెళ్లాయి, నిమ్మ సబ్బుకూ అంతే, గంధం సబ్బుకు పైకి లేచి అక్కడే నిలిచిపోయాయి. నేను రోజూ ఆయనకు స్నానం చేయిస్తున్నది వేప సబ్బుతో.