జైసల్మేర్ పాత బిడారు దారి, ఒక దరఖాస్తు: నా అనుభవం

జైసల్మేర్ నుంచి వచ్చి ఇంకా సామాను కూడా సర్దుకోలేదు. కోపం చల్లారాక రాస్తే మర్యాద కోసం సగం దాచేస్తానని తెలిసి, ఇప్పుడే రాస్తున్నాను.

పటాలతో పనిచేయడం నా వృత్తి. 1542లో హుమాయూన్ తన పరివారంతో దాహానికి అల్లాడుతూ జైసల్మేర్ ఎడారి దాటి, నేటి పాకిస్తాన్‌లోని ఉమర్‌కోట చేరుకున్నాడని, అదే ఏడు అక్బర్ అక్కడే పుట్టాడని బడిలో చదివినప్పటి నుంచి, ఆ ఇసుకలో ఎవరు ఎక్కడ నీళ్ళు తాగి బతికారన్న ప్రశ్న నన్ను వదలలేదు. 1843లో ఆంగ్లేయులు సింధును ఆక్రమించుకొనే వరకు మాళవపు నల్లమందు కూడా పాలీ, జైసల్మేర్‌ల మీదుగా ఒంటెల మీద కరాచీకి వెళ్ళేది. దేశ విభజనతో దారులు మూతపడ్డాయి. ఆ తర్వాత ఇందిరా గాంధీ కాలువ నీరు వచ్చాక చాలా బావులను జనం మరిచిపోయారు. జైసల్మేర్ నుంచి నైరుతిగా ఖూడీ దాటి మ్యాజలార్ వైపు సాగే ఒక పాత దారిని, దాని వెంబడి ఉన్న నీటి తావులను కంప్యూటరు తెర మీద గుర్తించి, ఆ తరువాత నేల మీద సరిచూసుకోవాలని సంకల్పించాను.

పటాలు సులువుగానే దొరికాయి. 1950లలో అమెరికా సైన్యం మన దేశానికి 1:2,50,000 ప్రమాణంలో తయారుచేసిన పటాలను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం అందరికీ ఉచితంగా ఇస్తోంది. చిక్కు పెట్టింది అంతకన్నా పాతదైన పందొమ్మిదవ శతాబ్దపు పటం. దాన్ని నేటి ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే జైసల్మేర్ కోటతో సహా సమస్తమూ దాదాపు నాలుగు కిలోమీటర్లు తూర్పుకు జరిగి కూర్చుంది. ఆనాటి సర్వేకు ఆధారమైన మద్రాసు ఖగోళ వేధశాల రేఖాంశాన్ని అసలు విలువకన్నా 2 నిమిషాల 27 సెకన్లు ఎక్కువగా లెక్కించారు. ఆ విలువ మీద గీసిన పాత పటాలలో అంత మేర తీసివేయాలి. జైసల్మేర్ అక్షాంశం దగ్గర అది దాదాపు నాలుగు కిలోమీటర్లకు వస్తుంది. ఈ పని చేసే కుర్రవాళ్ళలో ఈ సంగతి తెలిసినవారు నాకు ఇంతవరకు తారసపడలేదని కొంత గర్వంగానే చెప్పుకొంటాను.

అసలు ప్రాణం ఉన్నది కరోనా చిత్రాలలో. ఈ పేరు జబ్బుది కాదు. 1960 నుంచి 1972 వరకు అమెరికా నడిపిన గూఢచారి ఉపగ్రహాలది. ఆ చిత్రాలకు 1995లో రహస్య ముద్ర తొలగించారు. వాటిలో మంచి కెమెరాతో తీసినవి ఆరడుగుల వస్తువును కూడా పట్టిస్తాయి. అప్పటికి జైసల్మేర్ చుట్టూ గాలిమరలు లేవు, సౌర ఫలకాలు లేవు, కాలువ ఆ దరిదాపులకు రాలేదు. రాతి నేల మీద ఒంటెల దారి ఒకే గీతగా కాక, జడపాయల్లా విడిపోతూ కలుస్తూ తెల్లగా కనిపిస్తుంది. ఇసుక తిన్నెల్లో మాయమై, తిన్నెల నడుమ గట్టి నేల మీద మళ్ళీ తేలుతుంది. రూళ్ళకర్ర పెట్టి గీసినంత తిన్నగా ఉన్న గీతను చూసి ఎవరూ సంబరపడనక్కరలేదు, అది చమురు అన్వేషకులదో సైన్యానిదో అయి ఉంటుంది.

నీటి తావు మాత్రం నేరుగా కనబడదు. టోబా అనే చిన్న చెరువైతే వానల తరువాత, అక్టోబరు నాటి సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహ చిత్రంలో, కంటికి కనబడని సమీప పరారుణ కాంతి పట్టీలో నల్లటి మచ్చగా దొరుకుతుంది. అసలైన ఎడారి బావి బేరి. దాని మూతి మూడడుగులు కూడా ఉండదు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కిందనున్న జిప్సం పొర మీద ఆగి, అంతకు దిగువనున్న ఉప్పు నీటితో కలవకుండా తేమగా నిలిచి ఉంటుంది. రేజాణీ పానీ అని అక్కడివారు పిలిచే ఆ తేమ, సన్నటి బావి తవ్వితే బొట్టుబొట్టుగా ఊరుతుంది. ఏ ఉపగ్రహానికీ చిక్కని ఆ మూతిని పట్టించేది పశువుల నడకే: నాలుగు దిక్కుల నుంచి గీతలు వచ్చి ఒకచోట కలిసి, ఆ చోటు చుట్టూ తొక్కుడు పడి గడ్డి లేక నేల తెల్లబారి ఉంటే, అక్కడ నీరు ఉండేదని లెక్క. పచ్చదనాన్ని మాత్రం నమ్మకూడదు, ఎందుకంటే మన ఊళ్ళలో సర్కారు తుమ్మ అనే విలాయతీ బబూల్ అక్కడా నీరున్నా లేకున్నా ఒకే తీరుగా పెరుగుతుంది.

తెర మీది పని అంతటితో అయింది. నేల మీది పనికి అనుమతి కావాలి, ఎందుకంటే సరిహద్దు వెంబడి ప్రభుత్వం ఆంక్షలు ప్రకటించిన ప్రాంతాలకు వెళ్ళాలంటే మన దేశ పౌరులైనా బయటివారు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ నియమాన్ని నేను తప్పుపట్టడం లేదు, సరిహద్దు సరిహద్దే. అయితే నేను వెళ్ళిన కార్యాలయంలో, దాని పేరు రాయను, ఆ ఫారంలో వెళ్ళదలచిన గ్రామం, దాని ఠాణా, అక్కడ మీకు తెలిసినవారు అని మూడు గళ్ళున్నాయి. నేను వెతుకుతున్నవి ఏ రికార్డులోనూ పేరు లేని తావులు. పేరే ఉంటే వెతుకులాట దేనికి? గ్రామం గడిలో అక్షాంశ రేఖాంశాలు రాస్తే, కిటికీ వెనకనున్న గుమస్తా వాటిని ఫోను నంబర్లనుకుని, అంకెలు తక్కువయ్యాయంటూ కాగితం వెనక్కి తోశాడు. విషయం వివరించాక, ఆ చోట బావి ఉన్నట్లు పట్వారీ దగ్గర ధ్రువపత్రం తెమ్మన్నాడు. అంటే బావి ఉందని ఒకరు రాసిస్తేనే, బావి ఉందో లేదో చూసుకోవడానికి నాకు అనుమతి దొరుకుతుంది. తన రికార్డులో లేని బావికి సంతకం పెట్టలేనని పట్వారీ చెప్పాడు. నాతో మర్యాదగా మాట్లాడింది ఆయన ఒక్కడే.

మర్నాడు పై అధికారి గదిలోకి పిలిచారు, కూర్చోమనలేదు. నేను జతపరచిన చిత్రాలు బల్ల నిండా పరిచి ఉన్నాయి. వాటి మీద ఎర్ర సిరాతో తెలుగులో రాసుకున్న నా గుర్తులున్నాయి. "ఇదేం కోడ్?" అని అడిగారు. తెలుగు అని చెబితే, చదవమన్నారు. యాభై దాటిన నేను, గుమస్తాలూ టీ తెచ్చిన కుర్రవాడూ వింటుండగా, నిలబడి ఒక్కొక్క మాటా చదివి హిందీలో అర్థం చెప్పాను: "దారులు కలుస్తున్నాయి, నీళ్ళుండవచ్చు", "ఉప్పు", "ఇది నమ్మవద్దు". ఆ మూడోదాని దగ్గర ఆపి, ఎవరిని నమ్మవద్దని రాశావని నిలదీశారు. సర్కారు తుమ్మను అన్నాను. సర్కారు అన్న మాట వినగానే గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

తరువాత నా ఆధార్ కార్డు తీశారు. అందులో హైదరాబాద్ అని ఉంది. పాత దారి అంచున బాణం గీసి నేను రాసుకున్నదీ హైదరాబాదే, అంటే సింధులోని హైదరాబాద్. రెండూ వేరు వేరు ఊళ్ళని నచ్చజెప్పడానికి పట్టిన సమయంలో ఖూడీ దాకా నడిచి వెళ్ళేవాణ్ణేమో. చివరి ప్రయత్నంగా హుమాయూన్ కూడా అటే వెళ్ళాడని చెప్పాను. "ఆయన పారిపోతున్నాడు సాబ్, మీరెందుకు వెళ్తున్నారు?" అన్నారు. నవ్వనివారు లేరు. ఆ సాబ్ అన్న మాటలోని గౌరవం ఎంతటిదో వినిపించిన తీరులోనే తెలిసింది. చిత్రాలు "పరిశీలన కోసం" ఉంచుకుని, అనుమతి అక్కరలేని ఖూడీ వైపే తిరుగుకోవచ్చని సెలవిచ్చారు, అదేదో తమ దయ అయినట్లు. ఇలాంటి పని మీద వెళ్ళేవారు ముద్రించిన చిత్రాలను ఏ బల్ల మీదా పెట్టకండి, వాటి మీద తెలుగులో ఒక్క అక్షరమూ రాయకండి.

ఖూడీ చుట్టుపక్కల నేను గుర్తించిన తావుల్లో ఒకదాని మీదుగా గాలిమర రోడ్డు పోయింది. ఇంకొకటి ఇసుకతో పూడిన టోబా. ఒకచోట మాత్రం గీతలు కలిసిన బిందువుకు కొద్ది అడుగుల దూరంలోనే, ఒక ఖేజ్రీ చెట్టు పక్కన, అంటే మన జమ్మి పక్కన, చెక్క పలకలు కప్పి పైన రాయి పెట్టిన బేరి దొరికింది. మూతి చుట్టూ ఉన్న రాతి అంచున తాళ్ళు ఒరిసి పడిన గాళ్ళు వేలు దూరేటంత లోతుగా ఉన్నాయి. అక్కడే ఉన్న ఒంటెల కాపరి కాకా తోలు సంచితో నీరు తోడి ఇచ్చాడు. తియ్యగా ఉంది. జేఠ, అంటే జ్యేష్ఠ నెల దాకా ఊరుతుందని, పడమట ఇలాంటివి మరికొన్ని ఉన్నాయని, తన బావమరిది మ్యాజలార్ దగ్గరే ఉంటాడని చెప్పాడు.

తిరిగివచ్చే ముందు అదే కిటికీ దగ్గర రెండో దరఖాస్తు ఇచ్చాను. గ్రామం గడిలో మ్యాజలార్ అని, తెలిసినవారి గడిలో నేను ఎన్నడూ చూడని ఆ బావమరిది పేరు రాశాను. గుమస్తా చదివి, ఈసారి అన్నీ సరిగ్గా ఉన్నాయని తీసుకున్నాడు. రసీదు అడిగితే మాత్రం ఇవ్వలేదు.