పూత వదిలేసి వెళ్లిన ఈగ

పొద్దున్నే బస్సెక్కి నేనూ మా చిన్నోడూ పొదలకూరు దగ్గర మామ వాళ్ల నిమ్మతోటకి వెళ్లాం. చెట్లు మంచి పూత మీదున్నాయి. గట్టు ఎక్కకముందే వాసన, తల పైన ఒకటే రొద.

మామ పాదులు సరిచేస్తుంటే నేనొక తేనెటీగని చూస్తూ కూర్చుండిపోయాను. మిగతావన్నీ పూల మీదే ఉన్నాయి. ఇదొక్కటే నా చెంబు అంచు మీద వాలి, లేచి, డ్రిప్పు పైపు చుట్టూ తిరిగి, కంచెలోని తంగేడు పూల ముందు కాసేపు గాల్లోనే ఆగి, అటు నుంచి అటే పక్క తోటలోకి పోయింది. ఇంత పూత పెట్టుకుని దానికేం తక్కువైందని?

మేతకి వెళ్లే ఈగల్లో నూటికి ఐదు నుంచి పాతిక దాకా ఇలా కొత్తచోట్లు వెతికేవి ఉంటాయి. వీటిని స్కౌట్లంటారు. తెలిసిన తిండి దగ్గరే ఉన్నా వెళ్లి చూసి, తిరిగొచ్చి, పట్టు మీద నాట్యమాడి మిగతావాటికి దారి చెబుతాయి. ఇల్లినాయ్ యూనివర్సిటీలో జీన్ రాబిన్సన్ బృందం వీటి మెదళ్లని పరిశీలించి 2012లో ప్రచురించింది. డోపమైన్, గ్లూటమేట్ లాంటి రసాయనాలకి సంబంధించిన జన్యువులు స్కౌట్లలో వేరే స్థాయిలో పనిచేస్తున్నాయట. వెతకని ఈగలకి గ్లూటమేట్ తినిపిస్తే అవీ వెతకడం మొదలుపెట్టాయి. డోపమైన్ పనిని అడ్డుకుంటే వెతుకులాట తగ్గింది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే మా చిన్నోడికి ఒకచోట కాలు నిలవదు. స్కూల్లో రోజూ ఇదే మాట. నేనూ చాలాసార్లు కొట్టాను, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధే. అలాగని వాడి తీరంతా ఏదో ఒక్క జన్యువుకి అంటగట్టను. గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల్లో ఒక డోపమైన్ జన్యువుకీ కొత్తచోట్లు తిరిగే గుణానికీ లంకె ఉందని 2007లో తేల్చారు. తర్వాత వేరే ప్రాంతాల పిట్టల్ని చూస్తే అది అన్నిచోట్లా కనబడలేదు. పిట్టకే అంత చిక్కుంటే పిల్లాడి సంగతి చెప్పాలా?

అన్నాల వేళకి చూస్తే వాడు లేడు. ఆ పక్కనే పాడుబడ్డ బావి ఉంది. టెన్షన్‌తో నా కాళ్లు చల్లబడిపోయాయి. మామ కేకలేస్తుంటే కంచె కింద నుంచి మోకాళ్లనిండా మట్టితో పాక్కుంటూ వచ్చాడు.

“అమ్మా, బావి మీద గిజిగాడి గూళ్లు ఏడుండాయి! నేను దగ్గరికి పోలా, వేపచెట్టు కాడే నిలబడి లెక్కపెట్టా.”

చెయ్యి ఎత్తలేదు. ఎటు అని అడిగాను. వాడు ముందు నడుస్తూ చేత్తో దారి చూపిస్తున్నాడు.