పెల్టియర్ పెట్టె ఎంత కరెంటు కాలుస్తుంది?

కంప్రెసర్ లేకుండా పెల్టియర్ పలకతో చల్లబడే బుల్లి ఫ్రిజ్‌లను, కారులో పెట్టుకునే కూలింగ్ పెట్టెలను చూసినవారు సైజు చిన్నది కాబట్టి కరెంటు కూడా కొంచెమే కాలుతుందని అనుకోవడం సహజం. కాని పది లీటర్లయినా పట్టని పెట్టె 60 వాట్లు తీసుకుంటూ రాత్రింబగళ్లు నడిస్తే రోజుకు 1.44 యూనిట్లు, ఏడాదికి దాదాపు 525 యూనిట్లు అవుతుంది. 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్‌లలో చాలావాటి స్టార్ లేబుల్‌పై ఏడాది వాడకం 200 యూనిట్ల లోపే ఉంటుంది.

ఈ తేడాకు కారణం పెట్టె లోపలి పలకలోనే ఉంది. విప్పి చూస్తే కనిపించేది నాలుగు సెంటీమీటర్ల చదరపు తెల్లని సిరామిక్ బిళ్ల, దాని అంచు నుంచి వచ్చే ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు మాత్రమే. రెండు సిరామిక్ రేకుల మధ్య బిస్మత్ టెల్లూరైడ్ అనే అర్ధవాహక పదార్థపు ముక్కలు, సాధారణంగా 127 జతలు, బారులు తీరి ఉంటాయి. వాటిలో డీసీ కరెంటు పారితే ఒక ముఖం చల్లబడి రెండోది వేడెక్కుతుంది. 1834లో ఫ్రాన్స్‌లో పెల్టియర్ అనే శాస్త్రవేత్త గమనించినది ఈ ధర్మాన్నే. అయితే అదే కరెంటు ఆ ముక్కలనూ వేడెక్కిస్తుంది, ఆ వేడిలో దాదాపు సగం చల్లని ముఖానికే చేరుతుంది. పైగా రెండు ముఖాల మధ్య దూరం మూడు నాలుగు మిల్లీమీటర్లే కావడంతో, తోడిపోసిన వేడిలో కొంత మళ్లీ వెనక్కి కారుతూనే ఉంటుంది. అందువల్ల కంప్రెసర్ ఫ్రిజ్ ఒక వాట్ ఖర్చుతో ఒకటిన్నర వాట్లు, అంతకు మించి కూడా వేడిని బయటకు పంపగలిగితే, ఈ పెట్టెల్లో చాలావరకు అర వాట్‌కు అటూ ఇటూగానే పంపగలవు.

దీన్ని కొంత మెరుగుపరచవచ్చు. కరెంటును సగానికి తగ్గిస్తే చల్లబరిచే శక్తి సగమవుతుంది, ముక్కల్లో పుట్టే వేడి మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఒకే పలకను గరిష్ఠ కరెంటుతో నడపడం కంటే రెండు పలకలను తక్కువ కరెంటుతో, పెద్ద హీట్ సింక్‌తో (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కలతో) నడపడం మేలు. థర్మోస్టాట్‌తో పూర్తిగా ఆపుతూ, మళ్లీ నడపడం కూడా నష్టమే, ఎందుకంటే ఆగిన క్షణం నుంచి ఆ పలకే బయటి వేడికి లోపలికి దారి ఇస్తుంది. చవక పెట్టెల తయారీలో ఈ శ్రద్ధ కనిపించకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

లేజర్ కాంతినిచ్చే డయోడ్లకు, ల్యాబుల్లో డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ యంత్రాలకు ఈ పలకకు సాటి లేదు; చిన్న చోటులో, కదిలే భాగాలేవీ లేకుండా, కచ్చితమైన ఉష్ణోగ్రతను నిలపడమే అక్కడ అవసరం. ఇంట్లో ఇన్సులిన్ దాచడానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దనే నేను గట్టిగా చెబుతాను. సాధారణంగా ఈ పెట్టెలు బయటి ఉష్ణోగ్రత కంటే 15 నుంచి 20 డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. మే నెలలో రామగుండంలో 44 డిగ్రీలుంటే లోపల 24 కంటే తగ్గదు, తెరవని ఇన్సులిన్‌కు కావలసింది 2 నుంచి 8 డిగ్రీలు. ఇంట్లో మామూలు ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌కు దూరంగా ఉన్న అరలో ఉంచితే సరిపోతుంది. ప్రయాణంలోనైతే మందపాటి ఇన్సులేషన్ ఉన్న పెట్టెలో, సీసా ఐస్ ప్యాక్‌కు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి తీసుకువెళ్లవచ్చు, దానికి కరెంటు అవసరమే లేదు.