ఓడితే ఏం చేస్తారు?

5 మే 2024, ఆదివారం

13న మన ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి పోలింగ్. పొద్దున్నుంచీ మా వీధిలో ప్రచార రథాలు తిరుగుతూనే ఉన్నాయి. ఒకదాని పాట అయిపోకముందే ఇంకొకటి వస్తుంది. రెండూ ఎదురుపడ్డప్పుడు ఎవరు ఏం చెబుతున్నారో అర్థం కాదు. విడివిడిగా విన్నా నాకు పెద్ద తేడా తెలియడం లేదనుకోండి. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షలు, ఎంపీ అభ్యర్థికి 95 లక్షలు పరిమితి అంటారు. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఈ మైకులన్నీ ఎవరి ఖాతాలోకి వెళతాయో ఆ దేవుడికే తెలియాలి.

పదింటికి ఒక బృందం గుమ్మం ముందుకొచ్చింది. "అక్కా, రెండు ఓట్లూ మనకే" అన్నారు. నవ్వి తలూపాను. కాసేపటికి రెండో పార్టీవాళ్లు వచ్చారు, వాళ్లకీ తలూపాను. ఎన్నికల ముందు ఇంటి గుమ్మంలో నిలబడే ప్రతి మనిషికీ వచ్చిన విద్యే ఇది. రెండో గుంపులో ఒకతను బాగా తెలిసిన ముఖం. పోయినసారి అవతలి పార్టీ కండువాతో వచ్చి ఇదే గుమ్మంలో ఇదే దండం పెట్టాడు. "ఇటొచ్చారేంటి?" అంటే, "ఏం చేస్తామక్కా, మా నాయకుడెటుంటే మేమూ అటే" అన్నాడు, ఏ మాత్రం ఇబ్బంది పడకుండా. నిజానికి ఇవాళ గుమ్మం ముందుకొచ్చిన వాళ్లందరిలో ఉన్నమాట చెప్పింది అతనొక్కడే.

నా కోపమంతా ఆ "నాయకుడెటుంటే అటు" దగ్గరే ఉంది. నేను ఓటేసిన మనిషి గెలిచి, కొన్నాళ్లకు నేను వద్దనుకున్న పార్టీ కండువా కప్పుకున్నాడు. నియోజకవర్గ అభివృద్ధి కోసమట. నా ఓటు పడిందొక చోట, లెక్కలోకొచ్చింది ఇంకోచోట. మేనిఫెస్టోలో చెప్పింది చేయకపోతే పోనీలే, డబ్బుల్లేవేమో అని సర్దుకుంటాం. దీనికి మాత్రం సర్దుకోలేకపోతున్నాను.

ఇది మా ఒక్క నియోజకవర్గం గోడు కాదు. 2014లో వైఎస్సార్‌సీపీ నుంచి గెలిచినవాళ్లలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు. నలుగురు మంత్రులు కూడా అయ్యారు. ఆ తర్వాతి ఎన్నికల్లో తెలుగుదేశానికి వచ్చినవి సరిగ్గా 23 సీట్లు. దేవుడు రాసిన స్క్రిప్టు అన్నారు అప్పట్లో. కానీ ఆ దేవుడు రెండో భాగం రాయడం మానలేదు. 2019 తర్వాత తెలుగుదేశం వాళ్లు కొందరు అధికారంలోకొచ్చిన వైఎస్సార్‌సీపీ పక్కన కూర్చున్నారు, చివర్లో వైఎస్సార్‌సీపీ వాళ్లు కొందరు తెలుగుదేశం వైపు వచ్చారు. స్పీకర్ అనర్హత వేటు వేశారు, అటు నలుగురు, ఇటు నలుగురు. ఎప్పుడు? మొన్న ఫిబ్రవరి ఆఖరులో, ఎన్నికల షెడ్యూలు వస్తుందనగా. ఐదేళ్ల పదవి పూర్తిగా అనుభవించాక వేటు పడితే తగిలేది ఎవరికి?

చట్టం లేక కాదు. ఇలా పార్టీ ఫిరాయించినవాళ్ల పదవి పోయేలా 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు తెచ్చారు. మూడో వంతు మంది చీలితే ఫరవాలేదన్న వెసులుబాటును 2003లో 91వ సవరణతో తీసేశారు. విలీనమైతే మాత్రం మూడింట రెండొంతులు చాలు. తీర్పు చెప్పేది స్పీకర్. ఆ స్పీకర్ సాధారణంగా అధికార పార్టీ మనిషి. ఎన్నాళ్లలో చెప్పాలో షెడ్యూలులో ఎక్కడా లేదు. అంతే, చట్టం మొత్తం ఆ ఒక్క ఖాళీలోంచి జారిపోయింది.

మధ్యాహ్నం మా అమ్మాయి ఫోన్‌లో ఎన్నికల సంఘం యాప్ తెరిచి అభ్యర్థుల అఫిడవిట్లు చదవడం మొదలుపెట్టింది. దానికిది మొదటి ఓటు. పెద్ద కాన్వాయ్‌తో వచ్చి దండం పెట్టి వెళ్లినాయనకు తన పేరు మీద ఒక్క కారూ లేదట. "పాపం నడిచే తిరుగుతాడేమో అమ్మా" అని నవ్వింది. తర్వాత ఫోన్ పక్కన పడేసి, "ఎవరికి వేసినా ఒకటే, నేను నోటాకి వేస్తా" అంది.

వద్దని చెప్పలేదు. కానీ నోటా ఏం చేస్తుందో తెలిసే నొక్కాలి కదా. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఆ బటన్ వచ్చింది. దానికే అందరికంటే ఎక్కువ ఓట్లు పడ్డా, తర్వాత ఉన్నవాడే గెలుస్తాడు. 2019లో మన రాష్ట్రంలో అసెంబ్లీకి కాంగ్రెస్, బీజేపీలకు విడివిడిగా వచ్చిన ఓట్ల కంటే నోటాకు పడ్డవే ఎక్కువ. అయినా ఒక్క సీటూ అటూ ఇటూ కాలేదు. మొన్న ఏప్రిల్ 22న సూరత్‌లో ఇంకో వింత. ఒకరి నామినేషన్ చెల్లలేదు, మిగతావాళ్లు తప్పుకున్నారు, మిగిలిన ఒక్కడినీ ఏకగ్రీవంగా ఎంపీ అన్నారు. అక్కడివాళ్లకు నోటా నొక్కే అవకాశం కూడా లేదు. ఇదంతా విని, "మరైతే కోపం ఎక్కడ చూపించాలి?" అంది. మంచి ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు, అందుకే గిన్నెలు తోముకోవడానికి లేచాను.

మామయ్యగారిది వేరే గోల. ఆయన పార్టీ పుట్టినప్పటి నుంచీ ఒకే గుర్తు. ఇప్పుడు ఆయన టెన్షనంతా భూమి ఎవరిదో తేల్చే ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి. పొలం లాగేసుకుంటారని ఒక వైపు, అంతా అబద్ధమని ఇంకో వైపు. పట్టాదారు పాసుపుస్తకం తీసి చూసుకుని మళ్లీ బీరువాలో పెట్టారు. చట్టం ఎవరైనా చదివారా అంటే, ఇంట్లో గాని వీధిలో గాని ఒక్కరూ కనబడలేదు. మేనిఫెస్టోల సంగతీ అంతే. పోయిన శనివారం ఒకటి, మొన్న మంగళవారం ఇంకొకటి వచ్చాయి. ఎవరు ఎంత ఇస్తారన్న లెక్క మాత్రం వీధి చివరి వరకూ కంఠతా ఉంది. ఎక్కడి నుంచి తెస్తారన్నది ఎవరూ అడగరు. అడిగితే మనల్నే అవతలి పార్టీ అనుకుంటారు.

సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తుంటే ఒక సంగతి తట్టింది. గెలిస్తే ఏం చేస్తారో అందరూ చెబుతున్నారు. ఓడితే ఏం చేస్తారో ఒక్కరూ చెప్పడం లేదు. నాకు కావలసింది అదే. ఎందుకంటే నేను ఓటేసే మనిషి ఓడిపోవడానికీ సగం అవకాశముంది, అతను గెలిచినా పార్టీ ఓడొచ్చు. అప్పుడు నా తరఫున అడిగేదెవరు?

పార్టీల చరిత్ర ఈ విషయంలో ఏమీ బాగోలేదు. ఫిరాయించినవాళ్లపై చర్య తీసుకోలేదని 2017 చివర్లో అప్పటి ప్రతిపక్షం వైఎస్సార్‌సీపీ అసెంబ్లీకి వెళ్లడమే మానేసింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు, ముఖ్యమంత్రి అయ్యాకే మళ్లీ సభలో అడుగుపెడతానని చెప్పి వచ్చేశారు. ఎవరి అవమానం వాళ్లకుంటుంది, కాదనను. కానీ మనం పంపించింది ఆ కుర్చీలో కూర్చోవడానికే కదా. అధికారంలో ఉంటేనే సభ, లేకపోతే రోడ్డు అన్నది రెండు వైపులా అలవాటైపోయింది.

అందుకని పార్టీల్ని పక్కనపెట్టి మనుషుల్ని చూశాను. మా అసెంబ్లీ అభ్యర్థుల్లో ఒకాయన పోయినసారి ఓడారు. ఓడిన మనిషి అదే పార్టీలో ఉన్నారు. భూముల రీసర్వేలో విస్తీర్ణం తగ్గిందని ఊళ్లోవాళ్లు గోల పెట్టినప్పుడు, పదవి లేకపోయినా వాళ్లతో కలిసి తహసీల్దారు ఆఫీసుకు వెళ్లారు. పని పూర్తిగా అయిందని చెప్పను. మళ్లీ మళ్లీ వెళ్లారు, అది చూశాను. ఆయన పార్టీ మీద నాకేమంత ప్రేమ లేదు. వాళ్ల మేనిఫెస్టోలో సగం నేను నమ్మను. అయినా అసెంబ్లీ ఓటు ఆయనకే.

లోక్‌సభ ఓటు దగ్గర ఆగిపోయాను. ఎంపీ అభ్యర్థులు వచ్చి డ్రైనేజీ బాగుచేస్తామంటున్నారు. అది మునిసిపాలిటీ పని. ఎంపీని అడగాల్సింది ప్రత్యేక హోదా సంగతి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ల పాటు ఇస్తామన్నారు. ఆ మాటకు పదేళ్లు నిండాయి. మధ్యలో ప్యాకేజీ అన్నారు, రాజీనామాలన్నారు, తెలుగుదేశం ఎన్డీయేలోంచి బయటికొచ్చి మళ్లీ ఇప్పుడు లోపలికెళ్లింది. వైఎస్సార్‌సీపీకి 22 మంది ఎంపీలను గెలిపిస్తే, ఢిల్లీలో వాళ్లకు మన అవసరం లేదు, మేమేం చేయగలం అన్నారు. 370 అధికరణం రద్దుకు 2019లో ఈ రెండు పార్టీలూ మద్దతిచ్చాయి. ఇక్కడ ఒకరినొకరు తిట్టుకునేవాళ్లు అక్కడికి వెళితే ఒకే వైపు చేతులెత్తుతారు. అలాంటప్పుడు ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటే దేన్ని చూసి ఎంచుకోవాలి?

రాత్రి భోజనాల దగ్గర ఈ మాటే అన్నాను. ఎమ్మెల్యేకి ఒకరికి, ఎంపీకి ఇంకొకరికి వేస్తానేమోనని. మామయ్యగారు చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డారు.

"క్రాస్ ఓటింగా? మన ఇంట్లోనా?"

"ఎవరికి వేస్తానో ఇంకా చెప్పలేదు కదండీ మామయ్యగారూ."

"ఇంతకీ ఆ ఎమ్మెల్యే ఓటైనా మనకేనా?"

మా అమ్మాయి తల ఎత్తకుండా, "తాతయ్యా, రహస్య బ్యాలెట్" అంది.