తమ్ముడు దమ్ముడైనట్టు: నా వెల్ష్ పరీక్ష అనుభవం

స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు మహన్‌హ్లెత్ అని ఉంది. ఊళ్లోకి వచ్చే రోడ్డు మీద స్వాగతం పలికే బోర్డు చూస్తే "క్రోయ్సో ఇ వహన్‌హ్లెత్". మొదటి అక్షరం మారిపోయింది. ఊరు తప్పామేమో అనుకున్నాం మా ఆయనా నేనూ, చేతిలో పాపతో.

వేల్స్ నడిబొడ్డున, దవి నది పక్కన, రెండు వేల పైచిలుకు జనం ఉన్న ఊరు ఇది. నేను అబెరిస్ట్‌విత్ ఆసుపత్రిలో నర్సుని. ఇల్లు ఇక్కడ దొరికింది కాబట్టి ఇక్కడ దిగాం. ఊరివాళ్లు ముద్దుగా "మాఖ్" అంటారు. అసలు పేరు పలకాలంటే మధ్యలో "ల" దగ్గర నాలుక ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి. నాకు మూడు నెలలు పట్టింది.

వేల్స్ వాళ్ల భాష వెల్ష్. అది నేర్చుకోవాలన్న పట్టుదల మా పాప వల్ల వచ్చింది. బడిలో చేరిన ఆరు నెలలకే బొమ్మలతో ఆ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. "ఏమంటున్నావమ్మా?" అంటే చెప్పేది కాదు. కన్నబిడ్డ ఆటలు నాకు అర్థం కాకపోవడం తట్టుకోలేకపోయాను. ఆ వారమే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్నాను. వేల్స్ మొత్తానికీ పెద్దలకు వెల్ష్ నేర్పే జాతీయ కేంద్రం ఉంది. మొదటి మెట్టు పేరు మనెద్యద్, అంటే ప్రవేశం. దాని చివర పరీక్ష: వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం.

మొదటి నెల బాగానే గడిచింది. రెండు "దుయ్", ఏడు "సైత్", తొమ్మిది "నౌ". ద్వి, సప్త, నవ తెలిసినవాళ్లకు ఇవి చుట్టాల్లాగే అనిపిస్తాయి. రెండో నెలలో "త్రైగ్లద్" వచ్చింది. ముందు వచ్చే మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారడం అన్నమాట. టీ అంటే "తే". కానీ కప్పు టీ అంటే "పానెద్ ఓ దే". కాఫీ అంటే "కోఫి", కప్పు కాఫీ అంటే "పానెద్ ఓ గోఫి". క్లాసులో ఉన్న ఎనిమిది మందిలో ముగ్గురు ఆ వారంతోనే మానేశారు.

నేను మాత్రం ఇంటికొచ్చి కూర తరుగుతూ ఆగిపోయాను. కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. క గ అయింది, త ద అయింది. గసడదవాదేశం! ప బ కావడం మన సరళాదేశంలో ఉంది, వీళ్లకూ ఉంది. వీళ్ల "మ" అయితే "వ" అవుతుంది, అదే ఆ బోర్డు రహస్యం. పదో తరగతిలో ఎందుకు చదువుతున్నామో తెలియకుండా బట్టీపట్టిన సంధులు ఇన్నేళ్లకు నాకు అక్కరకొచ్చాయి. తర్వాతి క్లాసులో మా టీచర్ నా చేత బోర్డు మీద "అన్నదమ్ములు" రాయించారు. తెలుగు లిపి ఆ గదిలో మొదటిసారి రాసింది నేనే అయ్యుంటాను. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో!

క్లాసు వేరు, ఊరు వేరు. బుధవారం మైన్‌గ్విన్ వీధిలో సంత జరుగుతుంది. 1291లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఇచ్చిన అనుమతి పత్రంతో మొదలైన సంత అది. అక్కడికి వెళ్లి మాట్లాడితే, నా యాస వినగానే అందరూ మర్యాదకొద్దీ ఇంగ్లీషులోకి మారిపోయేవారు. నా కష్టం తగ్గించాలనే, కానీ నాకు కావలసింది ఆ కష్టమే. నేర్చుకుంటున్నానని తెలిపే బ్యాడ్జీ పెట్టుకున్నాక కొంత ఓపిక పట్టారు.

అదే వీధిలో ఓవైన్ గ్లిన్‌దూర్ పేరున పార్లమెంటు భవనం ఉంది. 1400లో ఇంగ్లండ్ మీద తిరగబడిన ఆయన 1404లో ఈ ఊళ్లోనే సభ జరిపాడు. 1406లో పక్కనే ఉన్న పెన్నల్ నుంచి ఫ్రాన్స్ రాజుకు పంపిన లేఖలో, వేల్స్‌కు రెండు విశ్వవిద్యాలయాలు కావాలనీ, ఇక్కడి చర్చిల్లో వెల్ష్ వచ్చినవాళ్లనే నియమించాలనీ అడిగాడు. 1536 చట్టం ఈ భాషను కోర్టుల నుంచి గెంటేసింది. చట్టం ఇచ్చిన అధికార హోదా 2011లో గానీ రాలేదు. ఇవి తెలిశాక హోంవర్క్ ఎగ్గొట్టడానికి మనసు ఒప్పేది కాదు.

నన్ను నిజంగా గట్టెక్కించింది "షరద్" పథకం. నేర్చుకునేవాళ్లను వెల్ష్ మాతృభాషగా ఉన్నవాళ్లతో జతచేస్తారు, పది గంటలు కబుర్లు చెప్పుకోవాలి. నాకు ఒక పెద్దావిడ దొరికారు, జీవితమంతా గొర్రెలు పెంచిన రైతు. ఇంగ్లీషులో లేని మీరు, నువ్వు తేడా వెల్ష్‌లో ఉంది. నేను ఆవిడను "మీరు" అంటాను, ఆవిడ నన్ను "నువ్వు" అంటారు. మా అమ్మమ్మతో మాట్లాడినట్టే ఉంటుంది. పాలను దక్షిణాన "హ్లైత్" అనీ, ఉత్తరాన "హ్లెవ్రిత్" అనీ అంటారట, దవి నది ఆ రెంటికీ సరిహద్దు లాంటిది. మా శ్రీకాకుళంలో ఆనపకాయ, వేరే చోట్ల సొరకాయ అని చెబితే ఆవిడకు వెంటనే అర్థమైంది.

జనవరిలో ఆవిడ నన్ను మహ్లుయ్ద్ అనే పల్లెలో "ప్లగైన్" అనే క్రిస్మస్ పాటల కార్యక్రమానికి తీసుకెళ్లారు. ఒకప్పుడు క్రిస్మస్ నాడు కోడికూతకు ముందు జరిగేదట, ఇప్పుడు సాయంత్రాలు చేస్తున్నారు. వాయిద్యాలు లేవు, వ్యాఖ్యాత లేడు. ఒక కుటుంబం లేచి ముందుకొచ్చి పాడుతుంది, కూర్చుంటుంది, ఇంకో జట్టు లేస్తుంది. ఒకరు పాడిన పాట ఇంకొకరు మళ్లీ పాడరు. చివర మగవాళ్లంతా కలిసి ఒక పాట పాడతారు, తర్వాత అందరికీ భోజనం. ధనుర్మాసంలో తెల్లవారుజామున మా ఊరి గుళ్లో విన్న పాశురాలు గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. సగం మాటలే అర్థమయ్యాయి. సగం అర్థమయ్యాయి కదా అన్నారు ఆవిడ.

పరీక్ష జూన్‌లో. మాట్లాడే భాగంలో టెన్షన్‌తో ఊరి పేరు దగ్గరే తప్పాను. "లో" అనే మాట తర్వాత మ మారదు, నేను వ అనేశాను. ఆగి, సరిచేసుకుని, మళ్లీ చెప్పాను. పాసైనట్టు ఆగస్టులో తెలిసింది. సెప్టెంబరులో రెండో మెట్టు, సల్వైన్.

పది గంటలు ఎప్పుడో అయిపోయాయి, ఆవిడతో బుధవారం కబుర్లు మాత్రం ఆగలేదు. పోయిన వారం ఆవిడ "టీ తాగుతావా" అనడం తెలుగులో నేర్చుకున్నారు. "కప్పు టీ" అని కూడా నేర్పాను. రెండుసార్లు అనుకుని, "ఇక్కడ టీ ఎందుకు మారలేదు?" అని అడిగారు. నాకు జవాబు తోచలేదు. వచ్చే బుధవారం చెబుతానన్నాను. మా నాన్నకు ఫోన్ చేసి, ఇంట్లో పాత వ్యాకరణం పుస్తకం ఉందేమో వెతకమన్నాను.