డబుల్ తరువాత రెండు డైమన్లు

బ్రిడ్జ్ పేకాటలో భాగస్వామి 15–17 పాయింట్లతో (పెద్ద ముక్కలకు లెక్కించే విలువ) ఒక నోట్రంప్, అంటే తురుపు రంగు లేని ఆట, పలికి వేలం తెరిచినప్పుడు, ఐదు ఆటీన్లున్న ఆటగాడు రెండు డైమన్లు పలికి, భాగస్వామి చేతిలోని ఆ బలమైన ముక్కలు ప్రత్యర్థులకు కనబడకుండా భాగస్వామి చేతనే రెండు ఆటీన్లు పలికించడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. ఒక్క పాయింటు లేకపోయినా ఇలాగే పలకాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ చిన్న ఆటీన్లు తురుపుగా మారితేనే పట్లు తెస్తాయి.

అసలు చిక్కు ప్రత్యర్థి ఆ నోట్రంప్‌ను డబుల్ చేసినప్పుడు, అంటే అది నెగ్గదంటూ పందెం పెంచినప్పుడు, వస్తుంది. అప్పుడు కూడా రెండు డైమన్లంటే ఆటీన్లేనా, లేక నిజంగా డైమన్లేనా? రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. మేము ఇది ముందుగా అనుకోకపోవడం వల్ల ఒకసారి నేను పలికిన రెండు డైమన్లను నిజమైన డైమన్లే అనుకుని నా భాగస్వామి పాస్ (ఇక పలకను) అన్నారు. నా చేతిలో ఉన్నది ఒకే ఒక్క డైమన్. ఇప్పుడు డబుల్ తరువాతా ట్రాన్స్‌ఫర్ కొనసాగుతుందని నిర్ణయించుకున్నాము. రహస్య ఒప్పందాలను నియమాలు అనుమతించవు కనుక, దీనిని ప్రత్యర్థులకూ తెలియజేస్తున్నాము.